పిల్లగాని తరపోళ్లకు ఇయ్యని పాస్‌వర్డ్

ఎల్లగొట్టలే. ఎన్నిసార్లు చెప్పాలె? ఆయనే లేసిండు, ఆయనే చెప్పులు తొడుక్కున్నడు, ఆయనే మెట్లు దిగిండు. నేనైతే కుర్సీలకెల్లి కదలనే లేదు. అయినా మా సుట్టాలల్ల ఏ తొట్లె పండుగకు పోయినా, ఏ పెండ్లికి పోయినా, తినే ప్లేటు పక్కకు పెట్టి మరీ ఒకామె అడుగుతది: "నువ్వే కదనే, ఇంటర్నెట్ అడిగినందుకు పిల్లగాని మేనమామను ఆఫీసుకెల్లి ఎల్లగొట్టినవంట?" మొన్న ధర్మాబాద్‌ల గిట్లనే అడిగితే చేతిల ఉన్న బూరె ఆడ్నే పెట్టిన.

"ఎల్లగొట్టలే పెద్దమ్మా. పాస్‌వర్డ్ ఇయ్యలే. రెండు వేరే వేరే."

ఆమె పక్కనామెను చూసి నవ్వింది. "పిల్లగాని తరపోళ్ల ముచ్చట్ల రెండు ఒక్కటే బిడ్డా," అన్నది.

ఒక్కటి కాదు. గందుకే మొదటికెల్లి చెప్తున్న. ఎవలన్న మధ్యల అడ్డం మాట్లాడితే బాగుండదు.

మా మేనత్త నాందేడ్‌ల వధూ-వర సూచక కేంద్రం నడుపుతది. సంబంధాలు కుదిర్చే ఆఫీసు అన్నట్టు. బోర్డు మరాఠీల ఉంటది, లోపల ముచ్చట తెలుగుల నడుస్తది. ఇత్వారా దిక్కు పాత రాతిగోడల బిల్డింగు, మొదటి అంతస్తుల రెండు అర్రలు. కింద మొబైల్ రిపేర్ దుకానం. రోడ్డుకు అవుతల రసవంతి, చెరుకు రసం అమ్మే షెడ్డు, మిషన్‌కు గజ్జెలు కట్టి ఉంటయి, చెరుకు పెట్టినప్పుడల్ల గల్లుగల్లుమంటది. దాని మీద కోచింగ్ క్లాసులకు అచ్చిన పోరగాండ్ల హాస్టల్. మా తెలుగోళ్లల్ల నాందేడోళ్లే గాదు, దెగ్లూరోళ్లు, ముఖేడోళ్లు, ఇస్లాపూర్ దిక్కు ఎవుసం చేసెటోళ్లు, అటు నిజామాబాద్, ఆదిలాబాదోళ్లు గూడ, ఇంట్ల పిల్లకు ఈడు అచ్చిందంటే బయోడాటా పట్టుకొని అత్త దగ్గరికే అస్తరు.

అత్తకు ఒక పద్ధతి ఉన్నది. ఆడపిల్ల ఫోటో అత్త చేతికెల్లి పిల్లగాని తల్లి చేతికి పోతది. ఆమె చూస్తది. మల్ల అత్త చేతికే అస్తది. "ఇంటికి తీస్కపోయి అందరికి చూపిచ్చి తెస్తం" అంటే అత్త ఒప్పుకోదు. "ఫోటో అంటే పిల్లనే. మన పిల్ల పోయి ఎవల ఇంట్లనో కూసుంటదా?" అంటది. రెండు దిక్కులోళ్లు పోహెకు ఒప్పుకున్నంకనే ఒక ఫోటో చేతిల పెడ్తది. పోహె అంటే మా దిక్కు పెండ్లిచూపులే. మరాఠోళ్లను చూసి మేం గూడ ఆ దినం ఉల్లిగడ్డ ఏసిన అటుకులు పెడ్తం, గందుకే ఆ పేరు పడ్డది. ఈ పద్ధతి మీదనే అత్త పేరు నిలవడ్డది. ఆడపిల్లల తల్లులు ఇంకెవల్ని నమ్మకున్నా అత్తను నమ్ముతరు.

నాకు అప్పుడే నెట్‌వర్కింగ్ డిప్లొమా అయిపోయింది. నౌకరీ దొరకలే. ఇంట్ల కూసున్న అంటే కూసోలే, ఫోన్ పట్టుకొని నాందేడ్ అంత తిరుగుతున్న. వైఫై పట్టే ఫోన్ అది. గా రోజులల్ల మా గల్లీల ఇంకెవలకు లేకుండె. అన్నం తినేటప్పుడు గూడ ఎడమ చేతిలనే ఉండేది. "గా ఫోన్ నీ చేతికి పుట్టంగనే మొలిచిందా ఏందే?" అని అత్త నవ్వేది.

గా ఎండాకాలమే అత్త బయోడాటాలన్ని కంప్యూటర్‌ల ఎక్కియ్యాలని పెట్టుకున్నది. బైటి అర్రల ఒక పాత కంప్యూటర్, దాని మీద టైపు కొట్టే మరాఠీ తాయి, తాయి అంటే అక్క అన్నట్టు. లోపలి అర్రల అత్తకు కొత్త కంప్యూటర్. ఫోటోలన్ని స్కాన్ చేసి లోపలి దాంట్ల ఏసిన్రు. రెండు కంప్యూటర్లు కలపాలంటే గోడకు బొక్క పెట్టాలె. ఇల్లుగలాయన, "నిజాం జమానా గోడ, సూది గూడ దిగద్దు" అన్నడు. సరే, వైర్‌లెస్ పెడదామని అత్త ఒక దుకానపాయనను పిలిచింది. గా దినం నేను ఊర్ల లేను, ఇంటిల్లిపాది మాహూర్ అమ్మోరి దగ్గరికి పోయినం. లేకుంటే ఆయనను మెట్లెక్కనియ్యకపోదును.

ఆయన రౌటర్ తెచ్చి గాలి వెలుతురు మంచిగుంటదని రోడ్డు దిక్కు కిటికీల పెట్టిండు. పాస్‌వర్డ్ పెట్టలే. తాయి అడిగిందంట. "పాస్‌వర్డ్ డాలా తో ఆప్ భూల్ జాతే, ఫిర్ మేరేకో ఫోన్ కర్తే," అన్నడంట. మీరు మర్చిపోతరు, నాకు ఫోన్ చేస్తరు. ఆయనకు ఫోన్ రాకుండ ఉండాలని మా ఆఫీసు తలుపు బార్ల తెరిసిపెట్టిండు.

మాహూర్‌కెల్లి అచ్చిన తెల్లారి ఆఫీసుకు పోతున్న. ఎండకు తల పలుగుతున్నది. రసవంతిల బెంచి మీద కూసొని ఒక గ్లాసు చెప్పిన, ఎప్పటిలెక్కనే ఫోన్ తీసిన. ఒక కొత్త నెట్‌వర్క్ కనవడ్డది. కంపెనీ పెట్టిన పేరే ఉన్నది, పక్కన తాళం గుర్తు లేదు. నొక్కిన, కలిసింది. ఎవల్దిరా గిది అని తల ఎత్తి చూస్తే, ఎదురుంగ అత్త కిటికీల రెండు కొమ్ములు నిలవెట్టుకొని రౌటర్ కూసున్నది.

రసం ఆడ్నే ఇడిసిపెట్టి ఉరికిన. కింద రిపేర్ దుకానపు అన్నను ల్యాప్‌టాప్ అడిగిన. అది మా ఆఫీసుల ఎన్నడు అడుగువెట్టని ల్యాప్‌టాప్, గదే నాకు కావాలె. మీదికి పోయి అత్త చెయ్యి పట్టుకున్న.

"అత్తా, కిందికి రా."

"ఏందే, అచ్చుడే గిట్ల గుంజుతున్నవు? మనుషులు అచ్చే టైమిది."

"మనుషులు రాకముందుకే రా."

రసవంతి బెంచి మీద అత్తను కూసోవెట్టి, ఒళ్లె ల్యాప్‌టాప్ పెట్టిన. నెట్‌వర్క్ నొక్కిన. అత్త కంప్యూటర్ పేరు అచ్చింది. ఫోల్డర్ నొక్కిన. ఏమీ అడగలే, తెరుసుకున్నది. మిషన్ గజ్జెలు గల్లుగల్లుమంటున్నయి, స్క్రీన్ మీద ఒక్కొక్క ఫోటో తెరుసుకుంట అస్తున్నది. బ్యాంకాయన పెద్ద బిడ్డ. దెగ్లూరు టీచరమ్మ. ఇస్లాపూర్ దిక్కు పిల్ల, పచ్చ చీర కట్టుకొని, జడల పూలు. వాళ్లమ్మ గా ఫోటో కొంగుల చుట్టి తెచ్చి, అత్త చేతిల పెట్టి, "పైలం అక్కా" అన్నదంట.

అత్త టక్కున మూత ఏసింది. ఏసి, దాని మీద కొంగు కప్పింది, గాలికి ఫోటోలు ఎగిరిపోతయన్నట్టు.

"కాయ ఝాలం అక్కా?" అని రసమాయన. ఏమైందని.

"ఏం కాలే. ఇంకో గ్లాసు పొయ్యి," అన్నది అత్త. నా దిక్కు తిరిగి మెల్లగ, "గీ ఫోటోలు ఈడికి ఎవలు తెచ్చిన్రే?"

"ఎవలు తేలే. నువ్వే కిటికీల మైకు పెట్టి చాటింపు ఏస్తున్నవు."

"అంటే గా మీది హాస్టల్ పోరగాండ్లు..."

"చూసిన్రో లేదో తెల్వదు అత్తా. కావాలంటే చూడొచ్చు. గదే ముచ్చట."

అత్త రసం తాగలే. మీదికి పోయి, రౌటర్ ప్లగ్గు చేతితోని పీకింది. "నువ్వు మంచిగ పెట్టెదాంక ఇది నడువద్దు," అన్నది. నీతోని అయితదా అని అడగలే. మా ఇంట్ల నాకు ఏ పని చెప్పినా మా నాయిన మొదలు గదే అడుగుతడు. అత్త అడగలే. గా ఒక్కదానికే నేను గా పని ప్రాణం పెట్టి చేసిన.

నేను డిప్లొమాల నేర్చుకున్నదాంట్ల ఒక్క మాట మంచిగ యాదికుండె: తాళం కొనేముందు ఇంట్ల ఏమున్నదో, ఎవలికి ఏం కావాల్నో చూడు. గందుకే మొదలు రౌటర్‌ను ముట్టుకోలే. అత్తను, తాయిని కూసోవెట్టి అడిగిన.

"అత్తా, నీకేం కావాలె?"

"అన్ని."

"తాయికి?"

"బయోడాటాలు. టైపు కొట్టెతందుకు."

"ఫోటోలు?"

"వద్దు. ఫోటో నేనే చూపిస్త."

"అచ్చినోళ్లకు?"

"ఛాయ్."

"ఛాయ్ సరే, నెట్‌వర్క్‌ల ఏం కావాలె?"

"నెట్‌వర్క్‌ల వాళ్లకేం పని? ఏమొద్దు."

మా ప్లాన్ గిదే. పెద్ద పెద్ద కంపెనీలోళ్లు గిది తెల్సుకునెతందుకు మీటింగులు పెట్టుకుంటరు. మా అత్త చెప్పుడు అయిపోయేవరకు ఛాయ్ గూడ సల్లారలే.

తర్వాత ఫోన్ పట్టుకొని తిరిగిన. రౌటర్‌ను ఒక్కోతాన పెట్టి, మెట్ల మీద నిలవడి చూసుడు, రిపేర్ దుకానంల చూసుడు, రసవంతిల చూసుడు. హాస్టల్ డాబా మీదికి వార్డెన్‌ను అడిగి పోయి చూసిన, ఆయన నన్ను ఫోన్ టవర్ కంపెనీ పిల్ల అనుకున్నడు. ఏడ పెట్టినా బైటికి పోతున్నది. అత్తకు పరేషాన్ అయింది. నేను అన్నానికి పోయి అచ్చేవరకు రౌటర్ కనవడలే.

"అత్తా, ఏడ పెట్టినవు?"

"బీరువల. తాళం గూడ ఏసిన. ఇగ ఎవడు తీస్తడో సూస్త."

ఇనుప బీరువ. లోపల పట్టుచీరలు, అత్త బంగారం, వాటి నడుమ రౌటర్, తలుపు సందులకెల్లి వైరు. భద్రం అంటే మా ఇండ్లల్ల బీరువనే గద మరి. తాయి కంప్యూటర్‌ల సిగ్నల్ సచ్చిపోయింది. నేను కింద కూసొని నవ్విన, కడుపు పట్టుకొని నవ్విన. నవ్వుకుంట నవ్వుకుంట ఆగిన. ఇనుముకు సిగ్నల్ ఆగుతది గద! రోడ్డు దిక్కు మాకు ఒక పెద్ద రేకు కూలర్ ఉన్నది, నాందేడ్ ఎండలకు కూలర్ లేని ఆఫీసు ఉండదు. రేకు డబ్బ, నిండ నీళ్లు. రౌటర్‌ను తెచ్చి కిటికీకి దూరం, కూలర్‌కు సక్కగ ఎనుక, నడిమి తలుపు దగ్గర పెట్టిన. దాని బలం గూడ సెట్టింగుల తగ్గిచ్చిన. రెండు అర్రలల్ల నిండుగ అచ్చింది. రసవంతిల ఒక్క గీత మిగిలింది. హాస్టల్ డాబా మీద ఏమీ లేదు.

ఇది తాళం కాదు, ఉత్త పరదా అని నాకు తెల్సు. మంచి యాంటెనా ఉన్నోనికి పరదా లెక్కగాదు. గని పరదా గూడ ఉండాలె. చలికాలం అత్త కూలర్ తీపిస్తనంటే తియ్యనియ్యలే. అచ్చినోళ్లు స్వెట్టర్లు ఏసుకొని కూసొని, "గీ చలిల కూలరేంది?" అని అడిగేటోళ్లు.

ఇగ తాళం. గాడ ఆ రౌటర్ తెచ్చిన దుకానపాయనతోని లొల్లి అయింది. నేను కొత్త తరీక తాళం పెట్టిన, డబ్ల్యూపీఏ టూ అంటరు. అత్త కంప్యూటర్ పట్టుకున్నది, తాయి పాత కంప్యూటర్ పట్టుకోలే. దాని ఎనుక గుచ్చిన వైర్‌లెస్ పుల్లకు పాత తాళమే తెలుసు. దుకానపాయన అచ్చి, "పురానా వాలా డాల్ దో, సబ్ చల్తా," అన్నడు. పాతది పెట్టు, అన్ని నడుస్తయని.

"పాతది ఎట్ల పలగ్గొట్టాల్నో నెట్‌ల ఫ్రీగ దొరుకుతది భయ్యా. పరీక్షలు అయినంక హాస్టల్ పోరగాండ్లకు పనేముంటది?"

"కిత్నా పఢీ హై బేటీ తుమ్?"

"నువ్వు బిగిచ్చింది ఇప్పేటంత చదివిన."

ఒక్క ముసలి కంప్యూటర్ కోసం ఇంటి తాళం మారుస్తరా ఎవలన్న? తాయి టేబుల్‌ను నడిమి తలుపు పక్కకు జరిపిన. రౌటర్‌కెల్లి గజం వైరు గుంజి ఆ కంప్యూటర్‌కు కలిపిన. తలుపు ఉండనే ఉన్నది, గోడకు బొక్క అక్కర లేదు. ఇల్లుగలాయన గోడ గట్లనే ఉన్నది. మూడు దినాలకెల్లి ఎవలకూ తట్టలే గీ ముచ్చట!

పాస్‌వర్డ్ అత్తనే పెడ్తనన్నది. "ఎవలకు తెల్వనిది పెట్టు అత్తా" అని చెప్పి ఇడిసిపెట్టిన. పెట్టి, ఎంతో గొప్పగ చెవుల చెప్పింది: శుభమంగళ్. మరాఠీ పెండ్లిల అక్షింతలు ఏసేటప్పుడు అందరు అరిసే మాట! అత్తను తీస్కొని కిందికి పోయి రసమాయనను అడిగిన: "కాకా, పెండ్లి సంబంధాల ఆఫీసుకు పాస్‌వర్డ్ పెట్టాలంటే నువ్వేం పెడ్తవు?" ఆయన చెరుకు మడుస్తనే, "శుభమంగళ్," అన్నడు. అత్త మొఖం చూడాలె గా దినం.

"మరి ఏం పెట్టాల్నే?"

"నీకు యాది మర్వనిది, ఇంకెవలకు తెల్వనిది. పొడుగుండాలె."

అత్త మొఖం ఎలిగింది. "మా అత్త నన్ను ఒకపారి ఒక తిట్టు తిట్టింది. పెండ్లయిన కొత్తల, చారుల ఉప్పు ఎక్కువైనందుకు. అంత పొడుగు తిట్టు ఇంకెవలు తిట్టలే. అప్పుడు ఇంట్ల మేమిద్దరమే ఉన్నం, ఆమె పోయింది. సచ్చెదాంక మర్వ."

గదే పెట్టినం. మొత్తం తిట్టు, ఇంగ్లీషు అక్షరాలల్ల, నడుమ ఉప్పు రేటు. ఏం తిట్టో మీకు చెప్ప. గసొంటి పాస్‌వర్డ్ ఏ పుస్తకంల లేదు, ఏ సాఫ్ట్‌వేర్‌కు దొరకది. రౌటర్ లోపలి సెట్టింగులకు వేరే పాస్‌వర్డ్ పెట్టిన. "రెండెందుకే?" అన్నది అత్త. "ఒకటి ఇంట్లకు అచ్చేందుకు, ఇంకోటి తాళాన్నే మార్చేందుకు. రెండోది నా దగ్గర, నీ దగ్గర." ఫోటోల ఫోల్డర్ అత్త పేరుతోనే తెరుసుకునేటట్టు చేసిన. అత్త స్క్రీన్ మీదనే చూసుడు. మెయిల్ లేదు, పెన్‌డ్రైవ్ లేదు. చేతికెల్లి చేతికి పోయి మల్ల అత్త చేతికే అచ్చే పద్ధతి ఉండె చూడు, గదే పద్ధతి కంప్యూటర్‌ల పెట్టిన. గా దినం ఆఫీసు బైట నిలవడి ఫోన్‌ల తాళం గుర్తు చూసుకున్న. మల్ల మల్ల చూసుకున్న. ఇంతకుముందు పరీక్షల ఫస్ట్ అచ్చినా గంత మంచిగ అనిపియ్యలే.

ఇగ మీరందరు అడిగే ముచ్చట. తుల్సీ లగ్నం అయి పెండ్లిళ్ల సీజన్ షురూ అయింది. నిజామాబాద్‌కెల్లి ఒక పిల్లగాని తరపోళ్లు అచ్చిన్రు. పిల్లగాడు పుణెల సాఫ్ట్‌వేర్, ఎక్కువ మాట్లాడడు. వాళ్లమ్మ. పిల్లగాని మేనమామ. మాట్లాడుడంత ఈయననే. అత్త ఫోటోలు చూపిచ్చింది, ఒక పిల్ల మీద వాళ్లకు మనసు వడ్డది. అంత మంచిగనే ఉన్నది. ఛాయ్ అయింది. పిల్లగాడు బ్యాగులకెల్లి ల్యాప్‌టాప్ తీసిండు.

"అక్కా, వైఫై ఉన్నట్టుంది గద," అన్నడు మేనమామ, కాలు మీద కాలు ఏసుకొని. "పాస్‌వర్డ్ చెప్పు. మావోడు పుణెల కొన్న ఫ్లాటు ఫోటోలు మెయిల్‌ల ఉన్నయి, సూపెడ్తడు."

పిల్లగాని తరపోళ్లు మొదటిపారి అచ్చి కూసున్నప్పుడు మా ఇండ్లల్ల లేదు అన్న మాట నోట్లకెల్లి రావద్దు. అపశకునమంటరు. బియ్యం అయిపోతే గూడ నిండుకున్నయంటం గని అయిపోయినయనం. అత్త గా పద్ధతిల పెరిగింది.

"చెప్తం చెప్తం తమ్మీ, ముందు ఛాయ్ తాగు."

"తాగిన గదక్కా."

"ఇంకో కప్పు..." అని అత్త నా దిక్కు చూసింది.

"ఫ్లాటు ఫోటోలు మా కంప్యూటర్ మీద తెరువుండ్రి కాకా," అన్న నేను. "ఇంటర్నెట్ పెట్టిస్త, మెయిల్ ఓపెన్ చేసుకొమ్మనుండ్రి."

పిల్లగాడు మొదటిపారి నోరు తెరిసిండు. "వేరేవాళ్ల కంప్యూటర్‌ల నా పాస్‌వర్డ్ కొట్టనండి."

"చూసిన్రా కాకా? మీది మీకు ముద్దు. మాది మాకు ముద్దు గాదా?"

"నువ్వెవలు పిల్లా? ఈడ నౌకరీ చేస్తవా?"

"గీ నెట్‌వర్క్ పెట్టింది నేనే."

"పెట్టినవు గద, ఇయ్యడానికేం రోగం? నీళ్లడిగితే ఇయ్యరా?"

"నీళ్లిస్త కాకా. నీళ్లల్ల ఎవల ఫోటోలు లేవు."

తాయి టైపు కొట్టుడు ఆగింది. పిల్లగాని తల్లి ఛాయ్ కప్పు దిక్కు చూస్తున్నది.

"మేం పిల్లగాని తరపోళ్లం!" అన్నడాయన.

"గందుకే ఇయ్య."

నా గొంతు పెద్దగైంది, కాదనను. గని మీరే చూడుండ్రి. ఒక్కపారి గా ల్యాప్‌టాప్‌ల కొట్టిస్తే పాస్‌వర్డ్ దాంట్ల మిగిలిపోతది. రేపు కింద కూసొని గూడ కలుపుకోవచ్చు. ఆయనకిస్తే ఎనుక అచ్చినోళ్లకు గూడ ఇయ్యాలె, వాళ్లకిస్తే వాళ్ల బామ్మర్దులకు. ఫోల్డర్‌కు వేరే తాళం ఉన్నది, నిజమే. ఇంట్లకు అందరిని రానిచ్చి బీరువ తాళం మీద భరోసా పెట్టుకునుడు నా పద్ధతి గాదు. గా లోపల ఉన్నది ఎవల పిల్లలు? కొంగుల చుట్టి తెచ్చి ఇచ్చిన తల్లుల పిల్లలు.

"మామా, పోనీ," అన్నడు పిల్లగాడు.

"నువ్వూకో. ఇంత మర్యాద తక్కువ ఏడ చూడలే నేను. అక్కా, నువ్వే చెప్పు. ఆఫీసు నీదా, గీ పోరిదా?"

అందరం అత్త దిక్కు చూసినం. అత్త ఇస్తనంటే నేను చేసిన పనంత గంగల కలిసినట్టే. అత్త లేసి, కేటిలీ తీస్కొని ఆయన కప్పుల ఛాయ్ పోసింది. ఒక్క సుక్క కింద పడలే.

"తమ్మీ, నువ్వు అడిగినంక ఇయ్యక ఏంజేస్త. ఒక్కటే అడుగుత. మొన్న దసరా ముందుగాల నీ బిడ్డ ఫోటో, బయోడాటా పంపినవు, యాదికున్నదా?"

"ఉన్నది. అయితే ఏంది?"

"గది గూడ గా కంప్యూటర్‌లనే ఉన్నది. రేపు ఇంకో పిల్లగాని మేనమామ అస్తడు. నీ లెక్కనే పాస్‌వర్డ్ అడుగుతడు. గాయనకు గూడ ఇయ్యాల్నా? నువ్వు ఇయ్యిమంటే నీకు ఇస్త, గాయనకు గూడ ఇస్త."

ఆయన కాలు మీదికెల్లి కాలు దించిండు. "గది వేరే ముచ్చట."

"ఎట్ల వేరే తమ్మీ? జర సమజ్ చెయ్యి నాకు."

కప్పు ముట్టలే. లేసిండు, చెప్పులేసుకున్నడు, మెట్లు దిగిండు. మల్ల చెప్తున్న, ఎవలు ఎల్లగొట్టలే. పిల్లగాని తల్లి అత్తకు దండం పెట్టి పోయింది. పిల్లగాడు ల్యాప్‌టాప్ సదురుకొని అందరికన్న ఎనుక లేసి, తలుపు దగ్గర ఆగి, "ఏ ఎన్‌క్రిప్షన్ పెట్టిన్రు?" అని అడిగిండు.

"గది గూడ చెప్ప," అన్న.

వాళ్లు పోయినంక అత్త నన్ను సూసి, "నీ నోరు గూడ జర ఆ కూలర్ ఎనుక పెట్టే పోరీ," అన్నది.

"నువ్వు చెప్పింది గూడ గదే గదా!"

"నేను చెప్తే కప్పు ముట్టకుండ పోయిండు. నువ్వే చెప్పుకుంట పోతే కప్పు ఇసిరేసి పోతుండె. కప్పులు నావి."

గా సంబంధం తప్పింది. గందుకే సుట్టాలంత నా మీద. మేనమామ నిజామాబాద్‌కెల్లి సోలాపూర్ దాంక చెప్పుకుంట తిరిగిండు. తప్పితే తప్పింది. గా పిల్లకు ఇంకో సంబంధం అత్తనే చూసింది, పెండ్లిల నేను గూడ అన్నం తినచ్చిన.

అడిగినోళ్లకు ఉత్త చేతులు చూపుడు అత్తకు మాత్రం మంచిగనిపియ్యలే. గది నాకు సమజ్ అయింది. ఇంకో రౌటర్ తెప్పిచ్చి, దాన్ని ముందర పెట్టిన, మాదాన్ని దాని ఎనుక పెట్టిన. ఇంట్ల బైఠక్ ఉంటది, లోపలి అర్ర ఉంటది గద, గట్ల. అచ్చినోళ్లు బైఠక్‌ల కూసుంటరు, ఇంటర్నెట్ చూసుకుంటరు, లోపలి అర్ర తలుపు వాళ్ల దిక్కుకెల్లి తెరుసుకోదు. దానికి పాహుణె అని పేరు పెట్టినం, సుట్టాలని. పాస్‌వర్డ్ ఏందంటరా? శుభమంగళ్. అత్త ఇప్పుడు ఎవలడిగినా నిండు నవ్వుతోని చెప్పచ్చు. గిసొంటిది నాందేడ్‌ల గా రోజులల్ల ఏ ఆఫీసుల ఉండెనో చూపెట్టుండ్రి, నేను ఒప్పుకుంట.

లొల్లి అయిన కొన్ని దినాలకు మేనమామ ఫోన్ చేసిండు. నాకు గాదు, అత్తకు. బిడ్డ ఫోటో వాపసు అడుగుతడని నేను అనుకున్న, తాయికి గూడ కాయితం ఫోటో తీసి పెట్టుమని చెప్పిన. అత్త నాకు ఇనవడేటట్టు ఫోన్ మా ఇద్దరి నడుమ పట్టింది. ఆయన మంచి చెడ్డ అడిగిండు, వానల ముచ్చట మాట్లాడిండు, పత్తి రేటు మాట్లాడిండు. చివరకు గొంతు తగ్గిచ్చి అడిగిండు.

"అక్కా, నా బిడ్డది గా లోపలి అర్ర కంప్యూటర్‌లనే ఉన్నది గద? బైటి దాంట్ల ఏం లేదు గద?"

"లోపలనే ఉన్నది తమ్మీ. పైలంగ ఉన్నది."

"ఆ. మరి గట్లనే ఉండనియ్యి," అన్నడు, ఫోన్ పెట్టేసిండు.

వాపసు అడగలే. ఇప్పటికి గూడ ఏ పెండ్లిల కనవడ్డా నన్ను చూసి మొఖం తిప్పుకుంటడు, నేను ఎల్లగొట్టిననని నలుగురికి చెప్తడు. ఆయన బిడ్డ ఫోటో మాత్రం నేను పెట్టిన తాళం ఎనుకనే ఉన్నది, ఆయన ఇష్టంతోనే ఉన్నది. ఇగ మీరు చెప్పుండ్రి, ప్లేటు పక్కకు పెట్టి సక్కగ నా మొఖం చూసి చెప్పుండ్రి: గా దినం గాయనకు పాస్‌వర్డ్ ఇయ్యాల్సుండెనా?